కాకిబంగారము

మన భాషలో అభ్రకమునకు కాకిబంగారమని పేరు. మెఱుపే గాని విలువ లేనిదని తలచి మన పెద్దలు దానికాపేరు పెట్టియుందురు. అయినను సుమారు నూఱేండ్లు నెల్లూరుసీమలో ఈ కాకిబంగారము నిజమైన బంగారమువలెనే చెల్లినది. దానివలన మేడలు లేచినవి, సంతలు నిండినవి, సీమలోని వర్తకులకు సైతము నెల్లూరు సరకు పరిచితమైనది. నేడా వైభవము లేదు. "కాలము మాఱినది, సరకుతో అక్కఱ తీఱినది, దీనికెవరేమి చేయగలరు?" అని చదువుకొన్నవారు కూడ నిట్టూర్చి ఊరకుందురు. ఈ నిట్టూర్పుతోనే మా తగవు. త్రవ్విన గని ఏనాటికైన తఱుగునని పసివానికిని తెలియును. తెలిసియు ఆ దినమునకై ఒక్క కాసు దాచకుండుట కాలముయొక్క దోషము కాదు, మనుష్యుల దోషము. ఆ దోషము గతించిన తరముతో పోలేదు. అదే నేలమీద, మన కన్నులయెదుటనే, అది తిరిగి జరుగుచున్నది.

నెల్లూరనగానే తీరపు వరిపొలములు, మొలగొలుకుల బియ్యము, పెన్నకాలువలు మనకు జ్ఞప్తికి వచ్చును. కాని సముద్రమును విడిచి వెలిగొండలవైపునకు పోయినకొలదిని మెత్తని నేల తఱిగి ఱాతినేల ఎదురగును. గూడూరు, సైదాపురము, రాపూరు, పొదలకూరు ప్రాంతములందు ఆ ఱాతిలో తెల్లని పలుగుఱాతి చాళ్లు పాఱియున్నవి. ఆ చాళ్లలో అభ్రకము దిమ్మలు దిమ్మలుగ దొరకును. గ్రంథమునందలి పుటలవలె పొరమీద పొరగ నుండుటచే ఆంగ్లేయులు వానికి పుస్తకములనియే పేరిడిరి. 19వ శతాబ్ది చివరి దశకములలో ఇచ్చట గనుల త్రవ్వకము మొదలయ్యెను. 1887లో తిరుపతి నెల్లూరులను కలుపుచు గూడూరు మీదుగ రైలు వచ్చెను. 1899లో మద్రాసునకును బెజవాడకును దారి కలిసెను. గనినుండి ఎద్దుబండిమీద గూడూరునకు, గూడూరునుండి రైలులో మద్రాసు రేవునకు, అచ్చటినుండి ఓడలో విదేశములకు సరకు పోసాగెను. ఇనుకుర్తి గనిలో 10 అడుగులు, 15 అడుగులు కొలతగల దిమ్మలు దొరికినట్లును, 30 అంగుళముల పొడవు 24 అంగుళముల వెడల్పు గల నిర్దోషమైన రేకులు తీయబడినట్లును నాటి గ్రంథములలో వ్రాయబడియున్నది. అంతటి సంపదను భూమి ఈ జిల్లాకిచ్చినది.

ఈ రేకులతో లోకమునకేమి పని యని కొందఱు సోదరీమణులు అడుగవచ్చును. అభ్రకము నిప్పునకు కాలదు, విద్యుత్తును తనగుండ పోనీయదు, కాగితముకంటె పలుచగ చీలును. ఈ మూడు గుణములును ఒక్కచోట నున్న పదార్థము ప్రకృతిలో మఱియొకటి అరుదు. ఇంటిలోని విద్యుత్తు ఇస్త్రీపెట్టెను విప్పిచూచినయెడల, కాగు తీగె చుట్టబడిన పలక తఱచుగ అభ్రకమే. రేడియో గొట్టములలో, విద్యుద్యంత్రములలో, విమానపు ఇంజనులలో అది లేక చాలకాలము పని జరుగలేదు. లోకమునకు కావలసిన పలక అభ్రకములో అధికభాగమును భారతదేశమే పంపుచుండెను. బీహారునందలి కోడర్మా ప్రాంతమున ఎఱ్ఱచాయ అభ్రకమును, మన నెల్లూరున ఆకుపచ్చ చాయ అభ్రకమును దొరకుచుండెను. రెండవ ప్రపంచయుద్ధమున దాని యవసరము ఎంతటిదైనదనగా, దానిని కొనుటకే 1942లో బ్రిటను, అమెరికా ప్రభుత్వములు కలిసి మనదేశమున ఒక ప్రత్యేక సంఘమును నిలిపినవి. యుద్ధపు గిరాకీ ఈ సీమకు పండుగయైనది.

ఆ పండుగను మోసిన చేతులెవరివి? గోతిలో దిగి సుత్తితోను ఉలితోను ఱాతిని బ్రద్దలు కొట్టినవారు, తట్టలతో మట్టి పైకి మోసినవారు, సొంతమునకు సెంటు భూమియు లేని కూలీలు. త్రవ్వి తీసినదానిలో పనికివచ్చు పలక స్వల్పము, మిగిలినదంతయు తుక్కు. ఆ స్వల్పమును ఏఱి, అంచులు కత్తిరించి, కత్తిమొనతో పొరలు విడదీయు పని ఎక్కువగ స్త్రీలదియు, బాలికలదియును. వెండ్రుకవంటి పొరను చిరుగకుండ తీయుటకు చిన్నవ్రేళ్లు మేలని యజమానులు మెచ్చుకొనిరి. చిన్నవ్రేళ్లు పలక పట్టవలసిన చోటు బడి యని ఎవరును చెప్పలేదు. పలుగుఱాతిని తొలుచునపుడు లేచు సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి అచ్చటనే గట్టిపడును. దాని పేరు సిలికోసిస్. అది మెల్లగ ఊపిరిని బిగించి చంపును. దానికి మందు లేదు. గనిలో పనిచేసిన సంవత్సరములు ముగిసిన పిదప కూడ అది పెరుగుచునే యుండును. గని మూతపడినను గనిరోగము మూతపడదను ఈ సంగతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొందురుగాక.

ఇక పతనము. 1947లో అమెరికాలో ట్రాన్సిస్టరు కనిపెట్టబడినది. క్రమక్రమముగ రేడియో గొట్టము పోయినది. దానితో పలక అభ్రకపు పెద్ద యవసరమొకటి పోయినది. రసాయనపు రేకులు, ప్లాస్టిక్కులు, అభ్రకపు పొడితోనే చేసిన కాగితము వంటి పలకలు దాని స్థానమును ఆక్రమించినవి. 1970వ దశకమున ఎగుమతి వ్యాపారము ప్రభుత్వసంస్థ చేతికి వచ్చినది. సోవియట్ దేశము పెద్ద కొనుగోలుదారుగ నిలిచినంతకాలము పరిశ్రమ ఎట్లో ఊపిరి పీల్చినది. 1991లో ఆ రాజ్యమే విచ్ఛిన్నమయ్యెను. గనులొకటి వెంట నొకటి పాడుపడెను. గోతులలో వాననీరు నిలిచినది, తుక్కుగుట్టలు ఎండకు మెఱయుచున్నవి. గూడూరు రైలుకూడలిగను నిమ్మకాయల విపణిగను బ్రతికియున్నది. నిమ్మచెట్టు ఏటేట కాచును గావున నిమ్మకాయ గూడూరును విడువలేదు. గని ఒక్కమాఱే కాచును. ఈ భేదమును గుర్తింపకుండుటయే అసలు తప్పు.

ఇందుకు బదులుగ చెప్పబడు మాటలను ఒక్కొక్కటిగ పరిశీలింతము.

మొదటిది, బజారు పడిపోయినది, మనమేమి చేయుదుమని. బజారు పడుట నిజమే. కాని ఒక్క సరకుపై, ఒకరిద్దఱు పరదేశపు కొనుగోలుదారులపై ఊరి జీవనమంతయు ఆధారపడునట్లు చేసినదెవరు? మనము పొరలు చీల్చి పంపితిమి. ఆ పొరలనే లక్కతో అతికి పలకలు చేసి, యంత్రములలో అమర్చి, పదింతల వెలకు అమ్మిన కర్మాగారములు విదేశములందే వెలసినవి. వేలకొలది స్త్రీలు తమ వ్రేళ్లతో సంపాదించిన నేర్పు ఒక్క మెట్టు పైకి ఎక్కుటకు ఇచ్చట ఏర్పాటు జరుగలేదు. ఒక్క పనియే నేర్పి, ఆ పని పోయినపుడు వారికేమియు రాదని నిందించుట న్యాయమా?

రెండవది, కూలివారికి డబ్బు నిలువదు, వచ్చినది త్రాగివేసిరని. ఈ మాట ఎంత సులువుగ నోటికి వచ్చునో అంత బరువైన పాపమును మోయుచున్నది. దినకూలితో దినము గడుపువాడు దాచుటకేమున్నది? త్రాగుడు చెడుగే, సంస్కారప్రియులెవరును దానిని సమర్థింపరు. కాని గోతిలో దుమ్ము పీల్చినవాడు త్రాగుటవలననే గూడూరు గనులు మూతపడినవని చెప్పువారు, మేడలలో నుండినవారు గనిలాభములతో ఏమి చేసిరో కూడ అదే శ్రద్ధతో లెక్క చెప్పవలెను.

మూడవది, యజమానులు సొమ్ము ఒడ్డి సాహసించిరి, లాభము వారిదే యని. సాహసించిరి, నిజమే. దిమ్మ దొరకక చేతులు కాల్చుకొన్నవారును లేకపోలేదు. కాని వారు ఒడ్డినది ధనము; కూలివారు ఒడ్డినది దేహము. ధనము పోయినవాడు మఱియొక వ్యాపారము చూచుకొనును. ఊపిరితిత్తి పోయినవాడేమి చూచుకొనును? పైగ భూమిలోని ఖనిజము ఒక తరపు సొత్తు కాదు. దానిని త్రవ్వి అమ్మినపుడు వచ్చునది ఆదాయము కాదు, మూలధనము. ఇల్లాలు తన పుట్టింటి నగను అమ్మి ఆ సొమ్మును ఆదాయమని లెక్క వ్రాయదు. నగ తఱిగినదని వ్రాసి, దాని స్థానమున మఱియొక ఆస్తి రావలెనని తలచును. గృహమున మనమెఱిగిన ఈ ధర్మము దేశమున ఏల మఱచితిమి?

నాలుగవది, గనులు ప్రభుత్వము చేతిలో నుండినచో ఇట్లు జరిగియుండదని. దీనికి కోలారు సమాధానము. మన చిత్తూరు సరిహద్దున నున్న ఆ నిజమైన బంగారుగనులకు మన తెలుగువారును, అంతకు మిక్కిలిగ అఱవవారును వలసపోయి పనిచేసిరి. 1880 నుండి జాన్ టేలరు కంపెనీవారు వానిని నడిపిరి. కావేరినదిపై శివసముద్రమున పుట్టించిన విద్యుత్తు 1902లోనే ఆ గనులకు చేరినది. చాంపియన్ రీఫు గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. 120 ఏండ్లలో సుమారు 800 టన్నుల బంగారము తీయబడినది. 1940లో మైసూరు ప్రభుత్వము సిలికోసిస్ రోగులకు పరిహారపు నియమములు చేసినది. ఆ మేలును మఱువరాదు. 1956లో ఆ గనులు ప్రభుత్వపరమైనవి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ యేర్పడినది, 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. తదుపరి కథ గూడూరు కథయే: సయనైడు కలిసిన మట్టిదిబ్బలు, గాలికి లేచు దుమ్ము, ప్రతిదినము తెల్లవాఱకమునుపే రైలెక్కి బెంగుళూరునకు కూలికి పోవు జనము. యజమాని దొరయైనను, దేశీయ వర్తకుడైనను, ప్రభుత్వమైనను ఫలమొక్కటే యైనపుడు, లోపము యజమానిలో గాక పద్ధతిలో నున్నదని తేలుచున్నది.

ఆ పద్ధతిలో లోపమేదియో గూడూరే చూపినది. అభ్రకపు గనికూలీల మేలుకొఱకు 1946లో ఒక చట్టము పుట్టినది. ఎగుమతియగు అభ్రకముపై నూటికి ఆఱుంబావు మించకుండ సుంకము విధించి, ఆ ధనముతో వైద్యము, నీరు, విద్య, ఇండ్లు కల్పింపవలెనని దాని యుద్దేశము. మన జిల్లాలో కలిచేడున ఆ నిధితోనే ఆస్పత్రి వెలసినది. ఉద్దేశము పవిత్రము, పనియు మంచిది. అయినను దాని పునాదిలో ఒక బీట యున్నది. నిధి ఎగుమతిపై ఆధారపడినది. ఎగుమతి హెచ్చుగ నున్నపుడు, అనగా పని దొరకి కూలి వచ్చుచున్నపుడు, నిధి నిండుచుండును. ఎగుమతి పడిపోయినపుడు, అనగా పని పోయి రోగము మిగిలినపుడు, నిధియు ఎండిపోవును. వానకాలమున నిండి వేసవిలో ఎండు చెఱువు అనుభవము మనకు కొత్తదికాదు. ఆ చెఱువును నమ్మి వేసవిపంట వేయు రైతు లేడు. గనికూలీలనుమాత్రము మనము అట్టి చెఱువుక్రింద కాపురముంచితిమి.

మఱి ఉపాయమేమి? నిలువచేయుట. నార్వేదేశము తన సముద్రగర్భమున దొరకిన చమురు ఏనాటికైన తఱుగునని యెఱిగి, 1990లో చట్టము చేసి, ఆ ధనమును ప్రత్యేకనిధిగ కూడబెట్టుచు వచ్చినది. చమురుబావి ఎండిన పిదపకూడ పుట్టబోవు బిడ్డలకు ఆ నిధి నిలిచియుండును. అది ధనికదేశము, మనకు పోలిక యేమని కొందఱందురు. పేదవానికే గదా దాచుకొనవలసిన అవసరము హెచ్చు!

ఈ విచారణ గతించినదానికై కాదు. గూడూరు, సైదాపురము ప్రాంతములలో నాడు అభ్రకముకొఱకు త్రవ్వి ప్రక్కన పాఱవేసిన పలుగుఱాతికి ఇటీవల గిరాకీ పుట్టినది. అనుమతి లేకయే త్రవ్వి తరలించుచున్నారను ఆరోపణలు పలుమాఱులు వచ్చినవి. ఇటు తీరమున చిల్లకూరు, కోట మండలములలో గాజునకు పనికివచ్చు తెల్లని ఇసుక లారీలకెక్కుచున్నది. అభ్రకము, పలుగుఱాయి, ఆ ఇసుక 2015 ఫిబ్రవరిలో చిన్నతరహా ఖనిజములుగ ప్రకటింపబడినవి. 2025 ఫిబ్రవరిలో అభ్రకమును పలుగుఱాతిని తిరిగి ప్రధానఖనిజములలో చేర్చిరి. ఏలయనగా వాని చాళ్లలో లిథియము మున్నగు అరుదైన లోహములుండుననియు, అవి నూతనయుగపు విద్యుత్ పరికరములకు అవసరమనియు. పేరు మాఱినది, ఆశ మాఱినది. నిన్నటి కాకిబంగారము నేటి తెల్లబంగారమగుచున్నది. గోతిలో దిగువానిగతి మాఱునా?

చట్టములు లేవని చెప్పుటకును వీలులేదు. గనిని మూయు పద్ధతిని ముందుగనే వ్రాసియిచ్చి, అందులకు హామీ సొమ్ము చూపవలెనను నియమము 2003లో వచ్చినది. గూడూరు గనులలో అనేకము అప్పటికే దిక్కులేక పాడుపడియుండెను. 2015లో ప్రతి గనిజిల్లాకును ఖనిజనిధి యేర్పడవలెనని పార్లమెంటు శాసించినది. పాత కౌలుగనులనుండి రాయల్టీలో నూటికి 30 వంతులు, వేలముద్వారా ఇచ్చిన కౌలులనుండి 10 వంతులు దానికి చేరవలెను. త్రాగునీరు, ఆరోగ్యము, విద్య వంటి పనులకు అందులో పెద్దభాగము వెచ్చింపవలెనని విధించిరి. కొంత మొత్తమును శాశ్వతనిధిగ నిలుపవలెనను ఆలోచనయు ఆ నియమములలో కలదు. కాని ఆలోచన కాగితముపై నుండిన చాలదు. నిధిలో ఎంత చేరినది, ఎంత వ్యయమైనది, గని మూతపడు దినమునకై ఎంత నిలిచియున్నదని గనిప్రక్క గ్రామమువారు అడిగిననాడే అది చట్టమగును. అడుగనినాడు అది 1946 నాటి చెఱువే యగును.

కావున మా కోరికలు నాలుగే. పాతగోతులను పూడ్చియో, కంచెకట్టియో, నీటికుంటలుగ మార్చియో తప్ప ఆ ప్రాంతమున కొత్త కౌలు ఈయరాదు. ఖనిజనిధిలో నిర్ణీతభాగమును తాకరాని మూలధనముగ నిలిపి, దాని లెక్కను ఏటేట గ్రామసభలో తెలుగున చదివి వినిపింపవలెను. పలుగుఱాయి తొలుచు ప్రతివానికిని, పని మానిన పిదపకూడ, ఊపిరితిత్తుల పరీక్షయు పోషణయు గనిసొమ్ముతోనే జరుగవలెను. ముడిఱాయి రేవు దాటకమునుపే దానిని శుద్ధిచేయు పని, ఆ పని నేర్పు పాఠశాల, ఈ సీమలోనే వెలయవలెను. వీనిలో ఒక్కటియు అసాధ్యము కాదు. అడుగువారు లేకుండుటయే కొఱత.

చదువరులారా! ఈ విషయము గనులున్న ఊరివారిది, మాకేమి యని తలపకుడు. బీహారు, ఝార్ఖండులలో పాడుపడిన అభ్రకపు గనుల తుక్కును బిడ్డలు ఏఱుచుండుటయు, కొన్నిచోట్ల మట్టి విఱిగిపడి ప్రాణములు కోలుపోవుటయు దేశదేశముల పత్రికలు వెల్లడించినవి. ఆ తుక్కు పొడియై ముఖమున పూయు రంగులలోను, పెదవులకు పూయు రంగులలోను మెఱుపై మన యిండ్లకు వచ్చుచున్నది. మన యద్దమునెదుట మెఱయు ఆ మెఱుపు ఏ చిన్నవ్రేళ్లు ఏఱినదో అడుగుట గృహిణికిని తగిన పనియే. నెల్లూరుసీమలోని విద్యావంతులు తమ జిల్లా ఖనిజనిధి లెక్కను తెప్పించి చదువుట, అర్థముగానివారికి చదివి చెప్పుట, గ్రామసభలో ఆ ప్రశ్న లేవనెత్తుట ఒక్క సాయంకాలపు పని. నూఱేండ్లు మన పెద్దలు చేయక విడిచిన పని అది. గని తెఱచిన దినముననే గని మూతపడు దినమునకై దాచుడు. అట్లు దాచినయెడల కాకిబంగారము సైతము బంగారమగును. దాచని యెడల బంగారము సైతము కాకిబంగారమే.